ముందు ఏ దారి?

ఒక జిల్లాలో పది దారులు వేయవలసి ఉన్నవనుకుందాము. పదింటికీ అర్జీలు వచ్చినవి. పదీ అవసరమైనవే. ఒకటి వేస్తే చెరకు బండ్లు ఫ్యాక్టరీకి త్వరగా చేరుతాయి. మరొకటి వేస్తే నాలుగూళ్ల పిల్లలు వానకాలంలో కూడ హైస్కూలుకు పోగలుగుతారు. ఇంకొకటి వేస్తే రోగిని మంచంమీద మోసుకుపోవలసిన బాధ తప్పుతుంది. కాని జిల్లాకు ఏటా వచ్చే నిధి ఒక్క దారికే సరిపోతుంది. ఏమి చేయవలెను?

పద్ధతులు రెండున్నవి. నిధిని పది భాగాలు చేసి, పది దారులలోను ఏటా పదోవంతు పని చేయించటం ఒక పద్ధతి. ఇందులో అందరికీ తృప్తి. ప్రతి ఊరి దగ్గరా కంకర కుప్పలు కనిపిస్తాయి. నిధినంతా ఒక్క దారిమీదనే పెట్టి, అది పూర్తి అయిన తరువాత రెండవదానికి పోవటం మరొక పద్ధతి.

మొదటి పద్ధతిలో పదవ ఏడు చివరకు గాని ఒక్క దారి కూడ పూర్తికాదు. సగం వేసిన దారి, కల్వర్టు లేని దారి బండికి పనికిరావు కదా! రెండవ పద్ధతిలో మొదటి దారి ఒక ఏటికే పూర్తి అయి, తక్కిన తొమ్మిదేళ్లూ ఉపయోగపడుతుంది. రెండవది ఎనిమిదేళ్లు, మూడవది ఏడేళ్లు, ఇట్లా తొమ్మిదవది ఒక ఏడు ఉపయోగపడుతుంది. అన్నీ కూడితే 9+8+7+6+5+4+3+2+1 = 45. ఒక దారి 45 ఏళ్లపాటు చేసే సేవతో ఇది సమానం. పదవ దారి రెండు పద్ధతులలోను ఒకే రోజున పూర్తి అవుతుంది. కనుక వరస పాటిస్తే ఎవరికీ నష్టం లేదు. లాభం మాత్రం 45 ఏళ్లు.

లెక్క ఇంత తేలికగా ఉన్నా, ఒప్పుకోవటం తేలిక కాదు. "మా వంతు వచ్చేదాకా మమ్మల్ని ఎవరు గుర్తుంచుకుంటారు?" అని పదవ ఊరివారు అడుగుతారు. ఆ భయం ఊరికే పుట్టినది కాదు. కాబట్టి వరస ఒకరి పలుకుబడినిబట్టి కాక, ఎవరైనా సరిచూసుకోగలిగిన లెక్కనుబట్టి ఏర్పడవలెను. ఆ లెక్క ఎట్లా చేస్తారో, ఎక్కడ తప్పుతుందో చూద్దాము.

పాత తగాదా

ప్రజాధనం ముందు ఏ మార్గంమీద పెట్టవలెననే ప్రశ్న మన ప్రాంతానికి కొత్త కాదు. 1847లో ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట పని ప్రారంభించి, 1852కు పూర్తిచేయించిన సర్ ఆర్థర్ కాటన్ దీని గురించి ఎంతో పోరాడాడు. ప్రభుత్వం రైళ్లకు అమితంగా సొమ్ము వెచ్చిస్తున్నదనీ, పొలానికి నీరు, పడవకు దారి రెండూ ఇచ్చే కాలువలకు ఆ సొమ్ము ముందు పెట్టవలెననీ ఆయన వాదించాడు. బరువైన సరకును నీటిమీద తీసుకుపోవటం చవక. రైలుకు వేగం ఎక్కువ. బియ్యపు బస్తాలను లెక్కించేవాడికి కాటన్ మాట సబబుగా తోస్తుంది. టపాను, సైన్యాన్ని, ప్రయాణికులను లెక్కించేవాడికి రైలు మేలనిపిస్తుంది. దేనిని లెక్కలోకి తీసుకుంటున్నామో దానినిబట్టి జవాబు మారుతున్నదన్నమాట.

ఇంచుమించు ఆ కాలంలోనే, 1844లో, ఫ్రెంచి ఇంజనీరు జూల్ డ్యుపుయీ ప్రజోపయోగకరమైన పనుల విలువను కొలవటం గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన భావాన్ని ఇట్లా చెప్పుకోవచ్చును. వంతెన దాటటానికి ఒక రూపాయి సుంకం ఉన్నది. ఆ వంతెన లేకపోతే ఒక రైతుకు చుట్టుదారిన పోవటంవల్ల పది రూపాయల నష్టం. వంతెనమీద పోతే అతనికి తొమ్మిది రూపాయలు మిగులుతాయి. సుంకం వసూలు చేసేవాని పుస్తకంలో ఒక రూపాయే కనిపిస్తుంది. ఆ తొమ్మిది రూపాయలూ కనిపించవు. అందుచేత దారి ప్రయోజనాన్ని దానిమీద వచ్చే రాబడితో కొలవరాదు. అది ప్రజలకు ఎంత తప్పించినదో, ఎంత మిగిల్చినదో దానితో కొలవవలెను.

నాగపూరు ప్రణాళిక

మన దేశంలో రోడ్ల అభివృద్ధిని పరిశీలించటానికి 1927లో జయకర్ కమిటీ ఏర్పడినది. దాని సలహానుబట్టి పెట్రోలుమీద అదనపు సుంకం విధించి, 1929లో కేంద్ర రోడ్డు నిధిని నెలకొల్పారు. తరువాత 1943 డిసెంబరులో చీఫ్ ఇంజనీర్లు నాగపూరులో సమావేశమై ఇరవై ఏళ్ల ప్రణాళికను తయారుచేశారు. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అనే ఐదు తరగతులు అప్పుడు ఏర్పడినవే. నూరు చదరపు కిలోమీటర్లకు 16 కిలోమీటర్ల రోడ్డు ఉండవలెననీ, సాగు బాగా ఉన్న ప్రాంతంలో ఏ గ్రామమూ ప్రధాన రోడ్డుకు 5 మైళ్లకు మించి దూరంగా ఉండరాదనీ ఆ ప్రణాళిక ఆశయం. 1961లో ప్రారంభమైన బొంబాయి ప్రణాళిక ఈ 16ను 32కు పెంచినది.

ఈ ప్రణాళికలు దేశానికి మొత్తంమీద ఎంత రోడ్డు కావలెనో చెప్పినవి. ఇందులో ఏది ముందు, ఏది వెనుక అని తేల్చటానికి వేరే కొలతలు కావలెను.

రద్దీని కొలవటం

అన్నిటికంటె సులభమైన కొలత రద్దీ. రోడ్డు పక్కన కూర్చుని రాత్రింబగళ్లు పోయే బండ్లను లెక్కించటమే. అయితే ఎడ్లబండి, లారీ, సైకిలు ఒకే విధంగా రోడ్డును ఆక్రమించవు. అందుచేత ఇంజనీర్లు ప్రతి బండినీ కార్లలోకి మారుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కారుకు 1, మోటారు సైకిలుకు 0.5, బస్సుకు గాని లారీకి గాని 3, ఎడ్లబండికి 8 యూనిట్లు. ఎడ్లబండికి ఎనిమిదేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. అది మెల్లగా పోతూ వెనుక వచ్చే వాహనాలన్నిటినీ నిలవేస్తుంది. ఈ అంకె ఆ అడ్డును కొలుస్తున్నది.

ఒక రోడ్డుమీద రోజుకు 1,500 కార్లు, 1,000 బస్సులూ లారీలూ, 4,000 మోటారు సైకిళ్లు, 200 ఎడ్లబండ్లు పోతున్నవనుకుందాము. బండ్లు 6,700. యూనిట్లు 1,500 + 3,000 + 2,000 + 1,600 = 8,100. మైదాన ప్రాంతంలో రెండు వరసల రోడ్డు సుఖంగా మోయగలిగినది రోజుకు 15,000 యూనిట్లని అదే ప్రమాణం. రద్దీ ఏటా నూటికి 7 చొప్పున పెరిగితే సుమారు తొమ్మిదేళ్లలో ఈ రోడ్డు నిండిపోతుంది. అప్పటికి దానిని వెడల్పు చేయవలెను. మరీ ముందుగా చేస్తే సొమ్ము పనిలేక పడి ఉంటుంది. రోడ్ల లెక్కలలో తరచు వాడే నూటికి 12 వడ్డీ ప్రకారం, పదేళ్ల తరువాత రాబోయే రూపాయి లాభం నేటి 32 పైసలతోనే సమానం.

ఒక ప్రాంతంలో జనమూ, సరకులూ ఒకే దిశగా ప్రవహించే రోడ్డు, రైలు, రేవుల పట్టీని ఇప్పుడు కారిడారు అంటున్నారు. ఇట్టి ప్రధాన మార్గాలను ఎన్నుకోవటానికి రద్దీ లెక్క చక్కగా పనికివస్తుంది. మన జాతీయ రహదారుల పొడుగు మొత్తం రోడ్లలో నూటికి రెండు పాళ్లే అయినా, రద్దీలో ఇంచుమించు నలభై పాళ్లు వాటిమీదనే పోతున్నది. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిని ముందుగా నాలుగు వరసలు చేయటానికి ఇదే ఆధారం. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, విశాఖపట్నం, శ్రీకాకుళం మీదుగా పోయే నేటి 16వ నంబరు జాతీయ రహదారి అందులో భాగమే.

కిలోమీటరుకు ఎంత ఉపయోగం?

గ్రామాల దారుల సంగతి వేరు. అక్కడ రద్దీ కొద్ది; అవసరం పెద్దది. అందుకని మన ఇంజనీరింగు కాలేజీలలో మరొక పద్ధతి బోధిస్తారు. ఒక్కొక్క దారి ఎన్ని ఊళ్లకు, ఎంత పంటకు పనికివస్తుందో మార్కులు వేసి, ఆ మార్కులను దారి పొడుగుతో భాగించటమే ఆ పద్ధతి.

మన లెక్కకోసం మార్కులు ఇట్లా పెట్టుకుందాము. 500 లోపు జనం ఉన్న ఊరికి 1. 500 నుంచి 1,000 వరకు 2. 1,000 నుంచి 2,000 వరకు 4. అంతకు మించితే 8. బయటికి పోయే పంట ప్రతి వేయి టన్నులకు 1. ఇక మూడు దారులను పోల్చుదాము.

"క" దారి పొడుగు 20 కిలోమీటర్లు. పెద్ద ఊళ్లు రెండు, తరువాతి తరగతివి మూడు, ఆ తరువాతివి నాలుగు, చిన్నవి నాలుగు. ఊళ్లకు 16+12+8+4 = 40 మార్కులు; పంట పదివేల టన్నులకు 10. మొత్తం 50. కిలోమీటరుకు 2.5.

"గ" దారి పొడుగు 32 కిలోమీటర్లు. ఊళ్లు ఆ వరసనే మూడు, నాలుగు, ఆరు, నాలుగు. ఊళ్లకు 24+16+12+4 = 56 మార్కులు; పంటకు 16. మొత్తం 72. కిలోమీటరుకు 2.25.

"చ" దారి కొండ ప్రాంతంలోనిది. పొడుగు 12 కిలోమీటర్లు. పెద్ద ఊరు ఒక్కటీ లేదు. రెండవ తరగతిది ఒకటి, మూడవ తరగతివి మూడు, చిన్నవి ఎనిమిది. ఊళ్లకు 4+6+8 = 18 మార్కులు; పంటకు 3. మొత్తం 21. కిలోమీటరుకు 1.75.

మొత్తం మార్కులు చూస్తే "గ" మొదటిది. పెట్టిన సొమ్ముకు ఫలితం చూస్తే "క" మొదటిది. సొమ్ము పరిమితమైనప్పుడు రెండవ చూపే సరైనది. పెద్ద పథకం ఎప్పుడూ గొప్పగానే కనిపిస్తుంది. దాని గొప్పతనంలో ఎంత పాలు దాని పొడుగువల్ల వచ్చినదో భాగించి చూస్తే గాని తెలియదు.

ఇప్పుడొక ప్రశ్న. "క", "గ" దారుల ఊళ్లకు ఇదివరకే కంకర రోడ్డున్నది. "చ" దారి ఊళ్లకు ఏ దారీ లేదు. ఏ దారీ లేని ఊరికి మార్కులు రెట్టింపు చేద్దామని ఒకరు సూచించారనుకోండి. "చ"కు 36+3 = 39 మార్కులు వస్తాయి. కిలోమీటరుకు 3.25. ఇంతకుముందు అన్నిటికంటె వెనుకబడినది ఇప్పుడు మొదటిదైనది! ఆగండి, కొండలో కిలోమీటరు ఖర్చు మైదానంకంటె ఒకటిన్నర రెట్లన్నాడు ఇంజనీరు. అప్పుడు 12 కిలోమీటర్లను 18గా లెక్కించవలెను. 39ని 18తో భాగిస్తే 2.17. "చ" మళ్లీ చివరికి పోయినది.

భాగహారాలలో ఎక్కడా తప్పులేదు. ఫలితం మూడు విధాలుగా వచ్చినది. మార్కులు ఎంత వేయవలెనో గణితం చెప్పదు. దానిని మనుషులే నిర్ణయించవలెను. ఆ నిర్ణయాన్ని అందరికీ కనిపించేటట్లు చేయటమే గణితం చేసే మేలు.

వంతెన లేనిచోట లెక్క

రద్దీ లెక్కలో ఒక పెద్ద లోపమున్నది. వంతెన లేని నది ఒడ్డున కూర్చుని లారీలను లెక్కపెడితే సున్నా వస్తుంది. అందుచేత అక్కడ వంతెన అక్కరలేదనవచ్చునా? రాజమండ్రి వద్ద గోదావరిమీద రైలు వంతెన 1900లోనే వచ్చినది. రోడ్డు, రైలు రెండూ పోయే వంతెన 1974లో గాని రాలేదు. ఆ మధ్య డెబ్బై నాలుగేళ్లూ రెండు గట్లమీది జనానికి ఆవలి గట్టుతో పని లేదని ఎవరూ అనజాలరు.

లేని రద్దీని అంచనా వేయటానికి న్యూటను ఆకర్షణ సూత్రాన్ని పోలిన సూత్రం ఒకటి ఉన్నది. రెండు ఊళ్ల మధ్య రాకపోకలు ఆ ఊళ్ల జనాభాల లబ్ధాన్నిబట్టి పెరుగుతాయి, దూరాన్నిబట్టి తగ్గుతాయి. దూరపు వర్గాన్నిబట్టి తగ్గుతాయనుకుంటే, చుట్టుదారిన 60 కిలోమీటర్లున్న ఊరు వంతెనవల్ల 20 కిలోమీటర్లకు వచ్చినప్పుడు రాకపోకలు తొమ్మిది రెట్లవుతాయి. ప్రతిచోటా సరిగా వర్గమే రాదు. ఆ ఘాతాన్ని పరిశీలనవల్ల తెలుసుకుంటారు. ఏమైనా కొద్దిపాటి వంతెన ఎంత పెద్ద మార్గానికి ప్రాణం పోయగలదో దీనివల్ల అర్థమవుతుంది.

రెండు వరసలు

"చ" దారి సంగతికి తిరిగి వద్దాము. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో దారి లేని గూడేలనుంచి గర్భిణులను డోలీలో మోసుకువచ్చే వార్తలు పత్రికలలో మనం చదువుతూనే ఉన్నాము. అట్టి గూడెంలో జనం కొద్ది, పంట కొద్ది, కొండ ఎత్తు. మైదానపు ఊళ్లతో ఒకే వరసలో నిలబెడితే దాని వంతు ఎన్నటికీ రాదు.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన ఈ చిక్కును విడదీసిన తీరు గమనించదగినది. మైదానంలో 500 జనాభా గల జనావాసాలకు, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలలో 250 జనాభా గలవాటికి అర్హత కల్పించారు. వామపక్ష తీవ్రవాదం ఎక్కువగా ఉన్న బ్లాకులలో తరువాత దానిని 100కు తగ్గించారు. అనగా వేరు వేరు అవసరాలకు వేరు వేరు వరసలు పెట్టారన్నమాట. ఒక్కొక్క వరసలో పెద్ద జనావాసానికి ముందు వంతు. లెక్కకు ఆధారం రెవెన్యూ గ్రామం కాదు; జనావాసం. దానివల్ల పెద్ద గ్రామం పేరు చాటున శివారు గూడెం మరుగున పడిపోదు. 2019లో ఆమోదించిన మూడవ దశలో మార్కెట్లకు, హయ్యర్ సెకండరీ స్కూళ్లకు, ఆసుపత్రులకు పోయే 1,25,000 కిలోమీటర్ల దారులను బాగుచేయటానికి పూనుకున్నారు. కాటన్ నాడు బియ్యపు బస్తాలను లెక్కించారు. నేడు బడిపిల్లలను, రోగులను కూడ లెక్కిస్తున్నాము.

అనుభవం ఏమి చెప్పినది?

దారి వేస్తే మేలు జరుగుతుందని ఎట్లా తెలుసును? కలిగిన జిల్లాకే దారి వేసి, తరువాత "చూడండి, దారివల్ల కలిమి వచ్చినది" అంటే చెల్లదు. డేవ్ డొనాల్డ్‌సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1870 నుంచి 1930 వరకు మన దేశపు రైళ్ల చరిత్రను పరిశీలించి 2018లో ఒక వ్యాసం ప్రచురించాడు. రైలు వచ్చిన జిల్లాలలో వ్యవసాయపు నిజాదాయం సుమారు 16 శాతం పెరిగినదని ఆయన తేల్చాడు. ప్రణాళికలో చేరి కాగితంమీదనే ఆగిపోయిన లైన్లున్న జిల్లాలను కూడ ఆయన చూశాడు. అక్కడ అట్టి పెరుగుదల కనిపించలేదు. కనుక మేలు రైలువల్లనే కలిగినదని నమ్మవచ్చును.

గ్రామసడక్ యోజనలోని వరస తానే ఒక ప్రయోగమైనది. 500 జనాభాకు కొంచెం పైన ఉన్న ఊరికి దారి వచ్చినది; కొంచెం తక్కువగా ఉన్న ఊరికి రాలేదు. ఆ రెండు ఊళ్లకు తక్కిన భేదమేమీ లేదు. ఇట్టి ఊళ్లను పోల్చి సామ్ ఆషర్, పాల్ నోవోసాద్ 2020లో చెప్పిన ఫలితాలివి: దారి రాగానే రవాణా సౌకర్యం పెరిగినది; చాలామంది వ్యవసాయంనుంచి బయటి కూలిపనికి పోగలిగారు; కాని నాలుగేళ్లు గడిచినా పంటలోగాని, ఆదాయంలోగాని, ఆస్తిలోగాని పెద్ద మార్పు లేదు. అంజలి అడూకియాతో కలిసి వారే చేసిన మరొక పరిశోధనలో, దారి వచ్చిన ఊళ్లలో ఎలిమెంటరీ స్కూలు తరువాతి తరగతులలో చేరే పిల్లలు సుమారు 7 శాతం పెరిగినట్లు తేలినది. దారి ఒక్కటే ఊరిని మార్చదు. దాని చివర మార్కెట్టు, బడి, ఆసుపత్రి ఉండవలెను. మూడవ దశలో ఈ మూడింటికి ప్రాధాన్యమిచ్చారంటే సబబుగానే ఉన్నది.

ఉన్నదానిని నిలబెట్టుకోవటం

వరస పెట్టేటప్పుడు మరచిపోయేది మరమ్మతు. 1958-60లలో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో జరిపిన ప్రయోగాలలో, ఇరుసుమీది బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే హాని సుమారు పదహారు రెట్లవుతుందని తెలిసినది. మితిమీరిన బరువుతో పోయే కొద్దిపాటి లారీలే ఒక రోడ్డు ఆయుష్షును తగ్గించివేస్తాయి. సకాలంలో గుంతలు పూడ్చక రోడ్డు పాడైతే, కొత్తగా వేసినంత ఖర్చు మళ్లీ పెట్టవలసి వస్తుంది. అప్పుడు వరసలో నిలిచిన పదవ ఊరు పదకొండవదవుతుంది.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును. మండలం పటం తీసుకుని, వానకాలంలో బస్సు పోని దారులను విద్యార్థులచేత గుర్తుపెట్టించండి. ఏ ఊరికి ఎన్ని మార్కులో వారినే నిర్ణయించమనండి. ఒకరు పంటకు ఎక్కువ వేస్తారు, ఒకరు ఆసుపత్రికి. ఫలితాలు వేరు వేరుగా వచ్చినప్పుడు, ఎందుకు వచ్చినవో నల్లబల్లమీద రాయించండి. ఆ కారణాలు బల్లమీద ఉన్నంతసేపు ఎవరి మార్కులనైనా ఎవరైనా ప్రశ్నించవచ్చును.

జిల్లాలో కూడ కావలసినది అదే. మార్కుల పట్టిక, దారుల వరస పంచాయతీ గోడమీద అంటించి ఉంటే, పదవ ఊరివాడు తన వంతు ఏ ఏడు వస్తుందో వేలుపెట్టి చూసుకుంటాడు. మధ్యలో ఎవరైనా వరస తప్పి ముందుకు వస్తే పట్టుకుంటాడు. ఆ నమ్మకమున్ననాడే అతడు తొమ్మిదేళ్లు ఆగగలడు. మొదట చెప్పిన 45 ఏళ్ల లాభమూ అందరికీ దక్కుతుంది.